లోకల్‌లో నడిచిన వెబ్‌సైట్ లైవ్‌లో మొరాయిస్తే ఏం చేయాలి

విశాఖపట్నంలో ద్వారకానగర్ చుట్టుపక్కల కోర్సు నేర్చుకుని, ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకు సైట్లు చేసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ గైడ్ వాళ్ల కోసం. ల్యాప్‌టాప్‌నే సర్వర్‌లా నడిపే జాంప్ మీద చక్కగా నడిచిన సైట్‌ని హోస్టింగ్‌లోకి ఎక్కించాక ఓనర్ ఫోన్ చేసి, "ఏటి బాబూ, తెరిస్తే తెల్లకాగితంలాగ వస్తంది" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.

ఉదాహరణకి ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే దుకాణం సైట్ అనుకుందాం. వర్డ్‌ప్రెస్ మీద చేశారు, వంద ఫొటోలున్నాయి, బొమ్మల వివరాలన్నీ తెలుగులో ఉన్నాయి. మీది లారావెల్ అయినా, చేత్తో రాసుకున్న పీహెచ్‌పీ అయినా వెతికే పద్ధతి ఇంచుమించు ఇదే.

ఒక మాట గట్టిగా పట్టుకోండి. నిన్న రాత్రి దాకా నడిచిన కోడ్ అప్‌లోడ్ చేసినంత మాత్రాన మారిపోలేదు. మారింది దాని చుట్టూ ఉన్న పరిస్థితి: విండోస్ పోయి లైనక్స్ వచ్చింది, డేటాబేస్ పేరు మారింది, పీహెచ్‌పీ వెర్షన్ మారింది, చిరునామా మారింది. కాబట్టి కోడ్‌లో చేయి పెట్టకముందు ఆ తేడా ఏమిటో పట్టుకోవాలి. టెన్షన్‌లో అక్కడొక లైను ఇక్కడొక లైను మారుస్తూ పోతే, సాయంత్రానికి అసలు తప్పుతోపాటు మీరు కొత్తగా చేసిన నాలుగు తప్పులు కూడా వెతుక్కోవాల్సి వస్తుంది.

ముందు బ్యాకప్, ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు

సర్వర్ మీద ఇప్పుడున్న ఫైళ్లను, డేటాబేస్‌ని ఉన్నవి ఉన్నట్టు ఒక కాపీ తీసి మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. సైట్ పనిచేయకపోయినా సరే, తీయండి. ఈలోగా ఓనర్ ఆర్డర్లు ఏవైనా నమోదు చేసి ఉంటే అవి అందులోనే ఉంటాయి.

తర్వాత ఓనర్‌ని అడగండి. అన్ని పేజీలూ రావడం లేదా, హోమ్ పేజీ వచ్చి లోపలివి రావడం లేదా? ఫోన్‌లోనా, షాపులోని కంప్యూటర్‌లోనా? వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే ఎలా ఉంది? స్క్రీన్ మీద ఏదైనా నంబర్ కనిపిస్తోందా? వీలైతే స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపమనండి. మీరు కూడా ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి, ఎందుకంటే మామూలు విండో పాత కాపీని చూపిస్తూ ఉండొచ్చు.

ఇక్కడే ఇంకో పని చేయాలి, చాలామంది చేయరు. జాంప్ ఆపేసి సైట్ చూడండి. డేటాబేస్‌లో ఫొటోల చిరునామాలు ఇంకా లోకల్‌హోస్ట్ (అంటే మీ ల్యాప్‌టాపే) అనే ఉంటే, లైవ్ సైట్ తెరిచినా మీ బ్రౌజర్ ఆ ఫొటోలను మీ ల్యాప్‌టాప్ నుంచే తెచ్చుకోవచ్చు. అప్పుడు మీకు సైట్ నిండుగా కనిపిస్తుంది, ఓనర్ ఫోన్‌లో మాత్రం ఫొటోల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. "నాకు బాగానే వస్తోందండీ" అని మీరు, "నాకు రావట్లేదు" అని ఆయన, ఇద్దరూ నిజమే చెప్తూ వాదించుకుంటారు.

డొమైన్ కొత్త సర్వర్‌కే వెళ్తోందా

డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు మార్చిన రోజే అయితే కొన్ని గంటలు, ఒక్కోసారి 24 నుంచి 48 గంటల వరకు కొందరికి పాత చోటు, కొందరికి కొత్త చోటు కనిపిస్తుంది. సిరిపురంలో ఉన్నవాళ్లకి వచ్చిన సైట్ మధురవాడలో ఉన్నవాళ్లకి రాకపోవడానికి ఒక కారణం ఇదే. ఇద్దరి ఇంటర్నెట్ కంపెనీలు పాత సమాచారాన్ని వేర్వేరు సమయాల్లో వదిలేస్తాయి. పింగ్ కమాండ్ ఇచ్చి, వచ్చిన ఐపీ అడ్రస్‌ని మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ అయిన సీప్యానెల్‌లో కనిపించే ఐపీతో పోల్చండి. సైట్‌కి ముందు నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సర్వీసు మధ్యలో ఉంటే పింగ్‌లో వాళ్ల ఐపీయే కనిపిస్తుంది కాబట్టి, అప్పుడు వాళ్ల డ్యాష్‌బోర్డులోని డీఎన్‌ఎస్ రికార్డు, అంటే డొమైన్‌కి రాసిపెట్టిన ఐపీ, చూడాలి.

ఈసారి సైట్ మార్చేటప్పుడు, ఒకరోజు ముందే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ విలువని (పాత సమాచారాన్ని ఎంతసేపు దాచుకోవాలో చెప్పేది) 300 సెకన్లకి తగ్గించి పెట్టుకోండి. ఐపీ మార్చగానే త్వరగా అందరికీ చేరుతుంది. డొమైన్ ఇంకా మారకముందే కొత్త సర్వర్‌లో సైట్ చూసుకోవాలంటే మీ విండోస్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ, పక్కన డొమైన్ పేరు రాయండి. మీ ఒక్క ల్యాప్‌టాప్‌కి మాత్రమే కొత్తది కనిపిస్తుంది. పని అయ్యాక ఆ లైను తీసేయడం మరవకండి.

నంబర్ చదవండి, ఆ తర్వాత లాగ్ చదవండి

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేస్తే ప్రతి ఫైల్ పక్కనా ఒక నంబర్ వస్తుంది. 404 అంటే అడిగిన ఫైల్ ఆ పేరుతో ఆ చోట లేదు. 403 అంటే ఫైల్ చూడ్డానికి అనుమతి లేదు, లేదా ఆ ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైలే లేదు. అంటే మీరు ఫైళ్లను పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో నేరుగా కాకుండా దాని లోపల ఇంకో ఫోల్డర్‌లో విప్పి ఉండొచ్చు. 500 అంటే సర్వర్ మీ కోడ్ నడపబోయి మధ్యలో ఆగిపోయింది. తప్పు ఏమిటో సర్వర్‌కి తెలుసు, బయటివాళ్లకి చెప్పడం లేదంతే.

ఆ చెప్పని మాట ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. సీప్యానెల్‌లో ఎర్రర్స్ అనే చోట చూడండి, లేదంటే సైట్ ఫోల్డర్‌లోనే ఎర్రర్ లాగ్ అనే ఫైల్ తయారై ఉంటుంది. ఫైల్ చివరికి వెళ్లి, సైట్ రీలోడ్ చేసి, కొత్తగా పడిన లైను చదవండి. అందులో ఏ ఫైల్, ఎన్నో లైను, ఏం దొరకలేదు అని స్పష్టంగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో తెల్ల పేజీ వస్తే డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో డీబగ్‌ని, డీబగ్ లాగ్‌ని ఆన్ చేయండి. స్క్రీన్ మీద చూపించే డీబగ్ డిస్‌ప్లేని మాత్రం ఆఫ్‌లో ఉంచండి. తప్పుల వివరాలు డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ ఫైల్‌లో చేరతాయి. స్క్రీన్ మీదికి వదిలితే మీ ఫోల్డర్ల దారులన్నీ కస్టమర్లకి కనిపిస్తాయి.

లాగ్ చదవకుండా ఊహలతో సరిచేయడానికి కూర్చోకండి. కింద చెప్పేవన్నీ లాగ్‌లో ఆ లైను కనిపించాక ఎటు వెళ్లాలో చెప్పేవే.

ఫైల్ పేర్లలో క్యాపిటల్ లెటర్స్

విండోస్‌కి ఫైల్ పేరులో క్యాపిటల్ అయినా, స్మాల్ అయినా ఒకటే. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. మన బొమ్మల సైట్‌లో కొన్ని ఫొటోలు కెమెరా నుంచి వచ్చాయి, వాటి చివర జేపీజీ అని మూడూ క్యాపిటల్స్‌లో ఉంది. కోడ్‌లో మీరు అలవాటుగా స్మాల్ లెటర్స్‌లో కొట్టారు. ల్యాప్‌టాప్‌లో అన్నీ వచ్చాయి, లైవ్‌లో సగం బొమ్మలు మాయం. సగమే మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే, ఎందుకంటే ఫోల్డర్ దారి తప్పయితే అన్నీ పోయేవి.

సరిచేసేటప్పుడు కోడ్‌ని ఫైల్ పేర్లకి తగ్గట్టు మార్చడం కన్నా, ఫైళ్ల పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లోకి, మధ్యలో ఖాళీ లేకుండా హైఫన్‌తో మార్చి, కోడ్ కూడా అలాగే చేసుకోవడం మంచిది. అయితే ఫొటోలు వర్డ్‌ప్రెస్ మీడియా లైబ్రరీలోంచి ఎక్కించినవైతే వాటి పేర్లు ఫోల్డర్‌లో మార్చకండి, డేటాబేస్‌లో పాత పేరే ఉండిపోతుంది. వాటిని మళ్లీ అప్‌లోడ్ చేయండి.

ఇదే చిక్కు డేటాబేస్ టేబుల్ పేర్లకీ ఉంది. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లను స్మాల్ లెటర్స్‌లో దాచుకుని, మీరు ఎలా రాసినా ఒప్పుకుంటుంది. లైనక్స్‌లో మామూలుగా ఒప్పుకోదు. మీరు సొంతంగా రాసిన పీహెచ్‌పీలో టేబుల్ పేరు క్యాపిటల్‌తో మొదలుపెట్టి ఉంటే, లాగ్‌లో "టేబుల్ లేదు" అని వస్తుంది. డేటాబేస్‌ని బ్రౌజర్‌లో చూపించే పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో చూస్తే టేబుల్ ఎదురుగానే ఉంటుంది. అక్షరం అక్షరం పోల్చండి.

డేటాబేస్‌కి కనెక్ట్ కాకపోతే

జాంప్‌లో యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. షేర్డ్ హోస్టింగ్‌లో అది కుదరదు. సీప్యానెల్‌లో మీరు డేటాబేస్‌కి బొమ్మలు అని పేరు పెడితే, దాని ముందు మీ ఖాతా పేరు, ఒక అండర్‌స్కోర్ తగిలిస్తుంది. యూజర్ పేరుకీ అంతే. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ పూర్తి పేరు రాయాలి. డేటాబేస్, యూజర్ రెండూ చేశాక, ఆ యూజర్‌ని ఆ డేటాబేస్‌కి జతచేసి అన్ని అనుమతులూ ఇవ్వడం అని మూడో పని ఒకటుంది. అది మానేసి పాస్‌వర్డ్ పదిసార్లు మార్చి చూసినా కనెక్షన్ రాదు.

పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే కాస్త చూసుకోండి. పీహెచ్‌పీలో డబుల్ కోట్స్ మధ్య డాలర్ గుర్తు, దాని వెంట అక్షరం వస్తే దాన్ని వేరియబుల్ అనుకుంటుంది. సింగిల్ కోట్స్ వాడితే ఆ బాధ లేదు.

ఇంపోర్ట్ మధ్యలో ఆగిందేమో కూడా చూడాలి. పీహెచ్‌పీ డీఫాల్ట్‌గా 2 ఎంబీ కన్నా పెద్ద ఫైల్‌ని అప్‌లోడ్‌కి ఒప్పుకోదు. హోస్టింగ్ వాళ్లు ఆ పరిమితి పెంచే ఉంచుతారు గానీ, ఎంత ఉందన్నది మైఅడ్మిన్ ఇంపోర్ట్ పేజీలోనే రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఎన్ని టేబుళ్లున్నాయో లైవ్‌లోనూ అన్ని ఉన్నాయా లెక్కపెట్టండి. ఫైల్ పెద్దదైతే జిప్ చేసి ఇంపోర్ట్ చేయొచ్చు.

మీ ల్యాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ 8 ఉండి, సర్వర్‌లో 5.7 ఉంటే ఇంపోర్ట్ మొదట్లోనే కొలేషన్ (అక్షరాల్ని పోల్చి, వరసలో పెట్టే పద్ధతి) తెలియదు అనే ఎర్రర్ వస్తుంది. పేరులో 0900 అనే అంకెలు కనిపిస్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి, ఆ కొలేషన్ పేరున్న ప్రతిచోటా యూటీఎఫ్8 ఎంబీ4 యూనికోడ్ సీఐ అనే పాత కొలేషన్ పేరు పెట్టి మళ్లీ ఇంపోర్ట్ చేయండి.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైతే

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇంగ్లీషు సైట్లు చేసేవాళ్లకి రాని కష్టం ఇది. పైగా ఓనర్ ఒక్కో బొమ్మకీ కూర్చుని రాయించిన మాటలు ఇందులోనే పోతాయి.

రెండు రకాలుగా పాడవుతాయి. ఒకటి, అక్షరాల చోట వరసగా ప్రశ్న గుర్తులు. రెండోది, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరం, డిగ్రీ గుర్తు మళ్లీ మళ్లీ వచ్చే చిందరవందర. రెండోదాన్ని చూసి కంగారు పడకండి. అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతి అయిన యూటీఎఫ్8లో తెలుగు అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు. ఆ మూడింటినీ ఎవరో మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా చదువుతున్నారు, అంతే. చాలాసార్లు డేటా భద్రంగానే ఉంటుంది, చదివే తీరు మార్చాలి.

ప్రశ్న గుర్తులు వస్తే వెంటనే మైఅడ్మిన్ తెరిచి ఆ టేబుల్‌లో చూడండి. అక్కడ తెలుగు చక్కగా ఉంటే, తప్పు మీ సైట్ డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్‌లో ఉంది. కాన్ఫిగ్‌లో క్యారెక్టర్ సెట్‌ని యూటీఎఫ్8 ఎంబీ4 చేస్తే సరిపోతుంది. సొంత పీహెచ్‌పీ అయితే కనెక్ట్ అయిన వెంటనే సెట్ చార్‌సెట్ పిలవాలి. మైఅడ్మిన్‌లో కూడా ప్రశ్న గుర్తులే ఉంటే, ఇంపోర్ట్ చేసినప్పుడే అక్షరాలు పోయాయి. వాటి నుంచి తెలుగు వెనక్కి రాదు. టేబుళ్లు తీసేసి, ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో తెలుగు ఉందో లేదో ఎడిటర్‌లో చూసుకుని, ఇంపోర్ట్ పేజీలో యూటీఎఫ్8 ఎంచుకుని మళ్లీ ఎక్కించండి. ఇలాంటి సమయానికే ల్యాప్‌టాప్‌లోని అసలు డేటాబేస్‌ని, లైవ్ సైట్ అన్ని విధాలా కుదురుకునే వరకు, చెరపకూడదు.

మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అనేది 3 బైట్ల వరకే పడుతుంది. తెలుగుకి చాలు గానీ ఇమోజీకి 4 కావాలి. కస్టమర్ రివ్యూలో నవ్వు బొమ్మ పెడితే సేవ్ కాకపోవడం దీనివల్లే. కాబట్టి ఎంబీ4 పెట్టండి.

చిరునామా ఇంకా లోకల్‌హోస్టే అయితే

వర్డ్‌ప్రెస్ తన చిరునామాని ఆప్షన్స్ టేబుల్‌లో సైట్ యూఆర్‌ఎల్, హోమ్ అనే రెండు వరుసల్లో రాసుకుంటుంది. అవి మార్చకపోతే డొమైన్ కొట్టినా లోకల్‌హోస్ట్‌కి పోతుంది. ఆ రెండూ మైఅడ్మిన్‌లో మార్చేయొచ్చు. కానీ పోస్టుల్లో, థీమ్ సెట్టింగుల్లో వందల చోట్ల పాత చిరునామా ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒకేసారి అన్నీ మార్చేద్దాం అనిపిస్తుంది. ఆ పని చేయకండి.

కారణం చెప్తాను. సెట్టింగుల్ని వర్డ్‌ప్రెస్ సీరియలైజ్ చేసి దాస్తుంది, అంటే ప్రతి మాట పక్కన దాని పొడవు కూడా రాస్తుంది. పాత చిరునామా 24 అక్షరాలైతే పక్కన 24 అని ఉంటుంది. మీరు చిరునామా మార్చి అది 29 అక్షరాలైతే, పక్కన మాత్రం ఇంకా 24 అనే ఉంటుంది. లెక్క కుదరక ఆ సెట్టింగ్ మొత్తాన్ని వర్డ్‌ప్రెస్ పక్కన పడేస్తుంది. మెనూలు, విడ్జెట్లు, స్లయిడర్లు ఖాళీ అవుతాయి. బెటర్ సెర్చ్ రీప్లేస్ అనే ఉచిత ప్లగిన్ గానీ, వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ సీఎల్‌ఐలోని సెర్చ్ రీప్లేస్ గానీ పొడవుని కూడా సరిచేస్తూ మారుస్తాయి. రెండింటిలోనూ ముందు డ్రై రన్ చేసి ఎన్నిచోట్ల మారుతుందో చూడొచ్చు.

హోమ్ పేజీ వచ్చి, మిగతా పేజీలన్నీ 404 అయితే అది పెర్మాలింకుల, అంటే పేజీల చిరునామాల, పని. అడ్మిన్‌లో సెట్టింగ్స్, పెర్మాలింక్స్‌కి వెళ్లి ఏమీ మార్చకుండా సేవ్ నొక్కండి. చాలాసార్లు అంతే. కుదరకపోతే డాట్ హెచ్‌టీ యాక్సెస్ ఫైల్ అసలు అప్‌లోడ్ అయిందా చూడండి. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లు సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో మామూలుగా కనిపించవు, సెట్టింగ్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని టిక్ పెట్టాలి. లారావెల్‌లో డాట్ ఈఎన్‌వీ ఫైల్ మిగిలిపోవడం కూడా ఇందుకే. ఆ హెచ్‌టీ యాక్సెస్‌లో రీరైట్ బేస్ దగ్గర జాంప్‌లోని ఫోల్డర్ పేరు ఉండిపోతే అది కూడా తీసేయండి.

లారావెల్ వాళ్లు ఇంకొకటి చూడాలి. ల్యాప్‌టాప్‌లో కాన్ఫిగ్ క్యాష్ చేసి, ఆ క్యాష్ ఫోల్డర్‌తో సహా ఎక్కిస్తే, మీరు ఈఎన్‌వీలో ఏం మార్చినా పట్టించుకోదు. బూట్‌స్ట్రాప్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్ తీసేయండి.

పీహెచ్‌పీ వెర్షన్, అనుమతులు

పాత ట్యుటోరియల్స్ చూసి మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే పాత ఫంక్షన్లు వాడి ఉంటే, అవి 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు. మైఎస్‌క్యూఎల్ఐ లేదా పీడీఓకి మారక తప్పదు. మిగతా వాటికి సీప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్‌ని మీ ల్యాప్‌టాప్‌లోని వెర్షన్‌కి దగ్గరగా పెట్టి చూడండి. అక్కడే ఎంబీస్ట్రింగ్, జీడీ, కర్ల్, ఐఎన్‌టీఎల్ లాంటి ఎక్స్‌టెన్షన్లకి టిక్ ఉందో లేదో చూడండి. ఫొటోలు చిన్న సైజులోకి మారకపోతే జీడీని అనుమానించండి.

"హెడర్లు ముందే వెళ్లిపోయాయి" అనే ఎర్రర్ లైవ్‌లోనే వస్తే, ఏదో ఫైల్‌లో పీహెచ్‌పీ మొదలయ్యేలోపు ఒక ఖాళీ గానీ, నోట్‌ప్యాడ్ పెట్టిన కనిపించని బీఓఎం గుర్తు గానీ ఉంది. జాంప్‌లో అవుట్‌పుట్ బఫరింగ్ 4096 అని ఆన్‌లో ఉండటంతో ఇన్నాళ్లూ బయటపడలేదు. ఫైల్‌ని బీఓఎం లేని యూటీఎఫ్8గా సేవ్ చేయండి.

అనుమతుల అంకెలు ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644. ఫొటోలు అప్‌లోడ్ కావడం లేదని ఎవరైనా 777 ఇవ్వమంటే ఇవ్వకండి. సర్వర్ మీద ఎవరైనా మీ ఫైళ్లలో రాయొచ్చని తలుపు తీసినట్టే. ఆ ఫోల్డర్ సర్వర్‌లో ఏ యూజర్ పేరు మీద ఉందో చూసి సరిచేయమని హోస్టింగ్ వాళ్లని అడగండి.

ఏదో ఒక ప్లగిన్ వల్లే అని లాగ్ చెప్తూ, అడ్మిన్‌లోకి కూడా వెళ్లలేకపోతే ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి. దానంతట అది ఆగిపోతుంది.

సైట్ సురక్షితం కాదని వస్తే

ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ వేశాక కూడా బ్రౌజర్ సురక్షితం కాదంటే, పేజీలో కొన్ని ఫొటోలో స్క్రిప్టులో ఇంకా పాత హెచ్‌టీటీపీ చిరునామాతో వస్తున్నాయి. కన్సోల్‌లో వాటి పేర్లు ఉంటాయి, పైన చెప్పిన సెర్చ్ రీప్లేస్‌తో పోతాయి. పేజీ అటూ ఇటూ తిరిగి అసలు తెరుచుకోకపోతే, క్లౌడ్‌ఫ్లేర్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఫ్లెక్సిబుల్ అని ఉందేమో చూసి ఫుల్ స్ట్రిక్ట్‌కి మార్చండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఏదైనా 90 రోజులకి మించదు. తనంతట తనే రెన్యూ అయ్యే ఏర్పాటు ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

పేజీ వచ్చింది, పని ఇంకా ఉంది

మీరే ఒక ఆర్డర్ పెట్టి చూడండి. మెయిల్ వచ్చిందా? చాలా హోస్టింగ్‌ల మీద పీహెచ్‌పీ పంపే మెయిళ్లు స్పామ్‌లోకి పోతాయి లేదా అసలు పోవు. మెయిల్ సర్వర్‌లోకి లాగిన్ అయి పంపే ఎస్‌ఎమ్‌టీపీ పెట్టి 587 పోర్టు ద్వారా పంపండి. పేమెంట్ గేట్‌వేలో టెస్ట్ కీలు తీసి లైవ్ కీలు పెట్టారా, చెల్లింపు జరిగిందని గేట్‌వే మీ సైట్‌కి కబురు పంపే వెబ్‌హుక్ చిరునామా లోకల్‌హోస్ట్ నుంచి డొమైన్‌కి మార్చారా? డబ్బు కట్ అయి ఆర్డర్ "పెండింగ్" అని ఉండిపోతే కారణం తరచుగా ఈ వెబ్‌హుక్కే. కస్టమర్ డబ్బుతో ముడిపడ్డ విషయం కాబట్టి ఓనర్‌కి సైట్ అప్పజెప్పేలోపే చిన్న మొత్తంతో ఒక నిజమైన చెల్లింపు చేసి, రీఫండ్ కూడా చేసి చూడండి.

సర్వర్ గడియారం ఎక్కువగా యూటీసీలో ఉంటుంది, మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక. తెల్లవారుజామున 5 గంటలకి వచ్చిన ఆర్డర్ మీద నిన్నటి తేదీ పడుతుంది. టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతాకి మార్చండి. వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్లకి కనిపించవద్దు అన్న టిక్ తీసేయండి, లేకపోతే దుకాణం పేరు కొట్టినా గూగుల్‌లో రాదు.

చివరగా సర్వర్ మీద మీరు వదిలిన సామాను తీసేయండి. పబ్లిక్ ఫోల్డర్‌లో ఉన్న బ్యాకప్ జిప్, డేటాబేస్ ఎస్‌క్యూఎల్ ఫైల్, పీహెచ్‌పీ వివరాలు చూడ్డానికి పెట్టిన ఇన్ఫో ఫైల్, అన్నీ. ఆ జిప్ పేరు ఊహించగలిగిన ఎవరైనా దాన్ని దించుకుని, కస్టమర్ల ఫోన్ నంబర్లు, మీ పాస్‌వర్డ్‌లు చదవగలరు. డీబగ్ ఆఫ్ చేసి డీబగ్ లాగ్ ఫైల్ కూడా చెరపండి. వాట్సాప్‌లో ఓనర్‌కి పంపిన హోస్టింగ్ పాస్‌వర్డ్ మార్చి, కొత్తది ఆయన చేతే పెట్టించండి.